విప్పని లకోటా

"ఆ ఒక్క లకోటా విప్పకు బావా, చాలు. సాయంత్రానికి నువ్వే ప్రెసిడెంటువి."

సభ మొదలయ్యే ముందు సైలస్ పెండ్రీ తన బావ చెవిలో ఊదిన మాట అది. పెండ్రీ సెనేటరే కాదు, వైస్ ప్రెసిడెంటు అబ్నర్ లాత్రప్‌కు స్వయానా బావమరిది. అక్క వైట్ హౌస్‌లో కాపురం పెడితే తనకు ఏ మంత్రి పదవి దక్కుతుందో అప్పుడే తేల్చుకున్నవాడు.

"ఎదురుగా పెట్టుకుని విప్పకుండా ఎలా ఉంటానురా?" అన్నాడు లాత్రప్.

"చట్టమే వద్దంటోందిగా! జనం తరఫున ఓటేసే ఎలక్టర్లు దేశమంతా ఒకే రోజు వెయ్యాలి. ఆ ఉత్తరాది వాళ్ళు మంచులో చిక్కుకుని మర్నాడు వేశారు. పైగా లకోటా మీద తారీఖు కూడా నిజమే రాసి చచ్చారు. అబద్ధమాడ్డం కూడా చేతకాని సన్నాసులు!"

"పాపం, మంచు కురవడం వాళ్ళ తప్పా?"

"మన తప్పా? అక్కడి జనం కాల్డ్‌వెల్‌ని గెలిపించారు. ఎలక్టర్లు ఆయనకే వేసుంటారు, అది రివాజు. ఆ అయిదు ఓట్లూ కలిస్తే ఆయన ప్రెసిడెంటు, కలవకపోతే నువ్వు. ధర్మపన్నాలు తర్వాత వల్లిద్దువుగాని, ముందు కుర్చీ ఎక్కు."

లాత్రప్ కుర్చీ ఎక్కాడు. ఆ దేశపు ఆచారం చిత్రమైనది. ప్రెసిడెంటు పదవికి పోటీ చేసిన మనిషే, వైస్ ప్రెసిడెంటు అయిన పాపానికి, ఉభయసభల ఎదుట నిలబడి తన గెలుపోటముల లకోటాలు తన చేత్తోనే విప్పాలి. పెళ్ళికొడుకే పౌరోహిత్యం చేసుకున్నట్టు, అదీ ఆ పెళ్ళి తనదో పక్కవాడిదో తెలియకుండా.

బయట ఫిబ్రవరి మంచు కురుస్తోంది. కప్పు అద్దాల మీద అది మెత్తగా పేరుకుంటే, లోపలికి దిగే వెలుతురు నీళ్ళు కలిపిన పాలలా ఉంది. లాత్రప్ ఒక్కో లక్కముద్ర పగలగొట్టి అందిస్తున్నాడు. కింద బల్ల దగ్గర ఒక సభ్యుడు పైకి చదువుతున్నాడు.

"మెయిన్... న్యూ హాంప్‌షైర్... వెర్మాంట్..."

రాష్ట్రాల పేర్లు జోలపాటలా సాగుతున్నాయి. కొన్నాళ్ళుగా నిద్రలేని కళ్ళు ఆయనవి. ఆ పాలవెలుతురులో ఎదుటి ముఖాలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఎక్కడో తెల్లటి ఇల్లు కనిపించింది. కిటికీలన్నిట్లో దీపాలు. నీలి గౌనులో భార్య మెట్లు దిగి వస్తోంది. ఎవరో తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆయన నడుస్తున్నాడు, కాళ్ళకు బరువే లేదు. గడప మాత్రం ఎంత నడిచినా అంతే దూరంలో ఉంది.

చేతికి గరుకుగా ఏదో తగిలింది. అదే లకోటా. తడిసి ఆరి, అప్పడంలా వంకర్లు పోయి ఉంది.

విప్పితే ఆ ఇల్లు కాల్డ్‌వెల్‌ది. విప్పకపోతే తనది. బొటనవేలు లక్కముద్ర మీదకు వెళ్ళింది. ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. విప్పరా అబ్నర్, విప్పు అని లోపల ఎవరో అంటున్నారు, పసివాణ్ణి నిద్ర లేపినట్టు. లేవబుద్ధి కాలేదు. ఇంత మంచి కలలోంచి ఎవరు మాత్రం లేస్తారు?

లకోటాను పక్కకు జరిపాడు.

"ఇవి గడువు దాటాక వేసిన ఓట్లు. విప్పడం లేదు."

ఆ గొంతు తనదేనా అనిపించింది. సభ భగ్గుమంది.

"ఎవరిచ్చారు మీకా అధికారం? విప్పడం వరకే మీ పని! తీర్పు చెప్పడం కాదు!" కాల్డ్‌వెల్ పక్షం మనిషి ఒకడు బెంచీ ఎక్కి అరిచాడు.

"ఉమ్మడి సభలో చర్చకు తావు లేదు. కూర్చోండి."

అది పాత నియమమే. గొడవలు రాకూడదని పెద్దలు పెట్టుకున్న నియమం దొంగకు తాళంచెవి అయి కూర్చుంది. సుత్తి బల్ల మీద పడింది. అరుపులు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించాయి. చివర్లో ఫలితం చదివాడు. అందులో తన పేరు ఉంది. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న ఆ మాట చెవిన పడ్డాక చెప్పలేనంత సిగ్గు వేసింది.

వసారాలో పెండ్రీ వాటేసుకుని వీపు చరిచాడు. "మా బావ గట్టోడే! వణుకుతావనుకున్నా!"

అంతలో ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. చలికి బుగ్గలు పగిలి ఉన్నాయి. చేతిలో టోపీ నలుగుతోంది.

"నా పేరు ఓబెద్ విట్లాకండి. ఆ అయిదుగురిలో నేనొకణ్ణి. ఆ లకోటా మోసుకొచ్చింది నేనే."

"ఆ ఏడుపేదో పోయి మీ కాల్డ్‌వెల్ దగ్గర ఏడువు," అన్నాడు పెండ్రీ.

లాత్రప్ బావమరిదిని వారించాడు. ముసలాయన కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. "ఏమీ అనుకోకండి పెద్దాయనా. చట్టం నా చేతులు కట్టేసింది. కాల్డ్‌వెల్‌తో కూడా అదే చెప్పండి."

విట్లాక్ తెల్లబోయాడు. "కాల్డ్‌వెల్‌కి చెప్పడం ఎందుకండీ? అందులో ఆయన పేరే లేదు."

"మరి?"

"మంచులో బండి కూరుకుపోయి సత్రంలో ఉండిపోయామండి. గడువు కాస్తా దాటింది, ఇక మన ఓట్లకు లాత్రప్‌గారే దిక్కనుకున్నాం. 'తను ఓడిపోయినా సరే, ఆయన విప్పి తీరతాడు' అన్నాడు మాలో ఒకడు. అందరం ఔనన్నాం. అంత ధర్మాత్ముడుండగా ఇంకొకడెందుకని, అయిదుగురం మీకే వేసేశామండి."