వాలు

మొదటి తొట్టె మట్టి ఎత్తకముందే ఒక రాయి వచ్చి పొక్లెయిన్ అద్దానికి తగిలింది. అద్దం పగల్లేదు గానీ, అడ్డంగా గీత పడింది.

విసిరినవాడు దాక్కోలేదు. కంచె అవతల తన పొలంలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"వాడు మా తమ్ముడు," అంది పొలం యజమానురాలు. "అద్దం నేను వేయిస్తాను. మీరు తవ్వండి."

ఆపరేటర్ ఆ ఊరికి కొత్త. పునాదులు తవ్వాడు, కాలవలు తవ్వాడు, చేపల చెరువులూ తవ్వాడు. ఇలాంటి చెరువు మాత్రం ఎప్పుడూ తవ్వలేదు. అరెకరం మేర, నడుమ నిలువెత్తు లోతు, ఆ లోతు మధ్యలో పక్షులు వాలడానికి ఒక దిబ్బ. అంచులు మాత్రం దాదాపు నేలతో సమానంగా మొదలవ్వాలట. అడుగు లోతు దిగాలంటే ఐదడుగులు నడవాలి. ఆవిడ తాడూ కర్రా పట్టుకుని వెనకాలే తిరిగేది. నాలుగున్నర వస్తే ఒప్పుకునేది కాదు. చెరిపి మళ్ళీ చేయించేది.

"ఇది చెరువా, పళ్ళెమా అమ్మా?" అన్నాడు రెండో రోజు.

ఆవిడ నవ్వలేదు.

"ఎండాకాలం అడవిలోంచి జంతువులు నీళ్ళకోసం వస్తాయి. ఇక్కడ అందరివీ నిలువు గుంటలు, లోపలంతా పరిచిన ప్లాస్టిక్ షీటు. జారితే పట్టు దొరకదు. కిందటేడు ఒకరి గుంటలో మూడు కుందేళ్ళు, ఒక నక్కపిల్ల తేలాయి. నా చెరువులో ఏది పడ్డా సరే, దాని కాళ్ళతో అది నడిచి బయటికి రావాలి."

తమ్ముడు ఊరుకోలేదు. మూడో రోజు ట్రాక్టర్ తెచ్చి దారికి అడ్డంగా పెట్టి, తాళం జేబులో వేసుకుని పోయాడు. నాలుగో రోజు ఆవిడ పాతిన కొలత కర్రలన్నీ పీకి కుప్పేసి తగలబెట్టాడు. ఐదో రోజు అతని ఫిర్యాదు మీద ఒక అధికారి వచ్చాడు. కాగితాలు తిరగేసి, పొలం ఆవిడదే, తవ్వుకోవచ్చని చెప్పి వెళ్ళిపోయాడు.

అక్కాతమ్ముళ్ళకి ఏడేళ్ళుగా మాటల్లేవట. పంపకాల గొడవేమో అనుకున్నాడు ఆపరేటర్. ఏమన్నా అనుకోవాలంటే ఇద్దరూ అతన్ని మధ్యలో పెట్టుకునేవాళ్ళు. ఒకరికొకరు పది అడుగుల దూరంలో ఉన్నా అంతే.

"నేను బతికుండగా ఇక్కడ చుక్క నీళ్ళు నిలవవని చెప్పు ఆమెకి."

"నిలుస్తాయని చెప్పండి వాడికి."

ఆరో రోజు మధ్యాహ్నం ఆపరేటర్ కంచె పక్కన నీడ చూసుకుని అన్నం డబ్బా తెరిచాడు. తమ్ముడు వచ్చి కంచెకి అటువైపు కూలబడ్డాడు. అన్నంతో పాటు నాలుగు తిట్లు కూడా తినాలి కాబోలనుకున్నాడు ఆపరేటర్. తిట్లేమీ రాలేదు. అతను జేబులోంచి ఒక ఫోటో తీసి కంచె సందులోంచి ఇచ్చాడు. అందులో అతని భుజాల మీద ఐదేళ్ళ పిల్ల, అతని చెవులు రెండూ పట్టుకుని నవ్వుతోంది.

"నువ్వు తవ్వుతున్న చోటే ఉండేది పాత గుంట," అన్నాడు. "నిలువు గుంట. షీటు మీద ఎంత దూరం గీతలో. గోళ్ళ గీతలు. నేనే దిగి పిల్లని తీశాను. ఆ వారమే నా చేతుల్తో పూడ్చేశాను."

ఆపరేటర్ అన్నం డబ్బా మూసేశాడు. అతని ఇంట్లోనూ ఇద్దరు ఆడపిల్లలున్నారు.

"పొద్దున లేస్తే ఆ చోటే కనబడుతుంది నాకు. మట్టిగా ఉంటే ఎలాగో చూస్తున్నాను. మళ్ళీ నీళ్ళుగా చూడమంటుంది."

ఆ సాయంత్రమంతా ఆపరేటర్ ఆవిడ మొహం చూడకుండా పనిచేశాడు. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే కర్ర నాటుతూ, తాడు లాగుతూ, అంగుళం అంగుళం కొలుస్తూ తిరిగింది. మనిషి కాదు, రాయి అనుకున్నాడు.

ఏడో రోజు పొద్దున ఒక్క అంచు మిగిలింది. తమ్ముడు కంచె దూకి వచ్చి, సరిగ్గా తొట్టె దిగాల్సిన చోట వెల్లకిలా పడుకున్నాడు.

"తవ్వించమను ఆమెని. నన్ను కూడా కలిపి ఎత్తి పోయించమను."

ఆవిడ చేతికి తాడు చుట్టుకుంటూ నిలబడింది. "లేస్తాడు. కాసేపాగి తవ్వండి," అంది.

ఆపరేటర్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంజను ఆపి కిందికి దిగాడు.

"నావల్ల కాదమ్మా, ఇంకొకణ్ణి చూసుకోండి. ఆ మనిషి కుళ్ళి కుళ్ళి చస్తుంటే మీకు చీమ కుట్టినట్టయినా లేదు. కుందేళ్ళు పోయాయని బాధపడతారు. కడుపుకోత ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

తాడు చుట్టుకుంటున్న చెయ్యి ఆగింది. ఆవిడ వంగి కర్ర తీసుకుని, మిగిలిన అంచు వైపు నడిచింది. కర్ర నాటబోతే నిలవలేదు. మళ్ళీ నాటింది. మళ్ళీ పడిపోయింది.

తమ్ముడు అదంతా పడుకునే చూశాడు. తరువాత లేచాడు. వీపునిండా మట్టి. తిన్నగా వచ్చి ఆపరేటర్ కాలరు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కొట్టడానికేననుకుని ఆపరేటర్ కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు.

"బండెక్కి అక్క చెప్పినట్టు తవ్వు," అన్నాడు తమ్ముడు, "పోయింది దాని కూతురు, ఒక్క గంట చూసుకోమని ఆ రోజు నాకు అప్పగించి వెళ్ళింది."