ఆపి చూద్దాం

అత్తగారి మీద ఆ అనౌన్సరుకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇంట్లో కోడలు నోరు తెరిస్తే సగం మాటకే అడ్డుపడే మనిషి, అదే కోడలు రేడియోలో మాట్లాడితే గంటసేపు కిక్కురుమనకుండా వింటుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. పోనీ కాలంతో పాటు మారుతుందేమోనని ఫోనులో రేడియో యాప్ పెట్టిస్తే, అందులోంచి వచ్చేది నీ గొంతు కాదు, నీ గొంతుకి జెరాక్సు అనేసింది. ఫోను కందిపప్పు డబ్బా వెనక్కి పోయింది. రబ్బరుబ్యాండు బిగించిన ట్రాన్సిస్టరు మాత్రం పొయ్యి పక్కన దర్జాగా ఉండిపోయింది.

మధ్యాహ్నానికల్లా జెరాక్సే మిగులుతుందేమోనని గుబులు పడుతూ ఆ ఉదయం అనౌన్సరు స్టేషను మెట్లెక్కింది.

ప్రజల సొమ్ముతో నడిచే ఆ రేడియో ఒకే కంట్రోలు రూములోంచి రెండు దారుల్లో ఇళ్లకు చేరుతోంది. టవరు మీంచి ట్రాన్సిస్టర్లకు ఒకటి, ఇంటర్నెట్టులో యాప్‌కి ఇంకొకటి. యాప్ ఎంతమంది విన్నారో నెలనెలా కాగితం వస్తుంది. టవరు ప్రసారానికి అలాంటి కాగితం లేదు. కాగితం లేనివాళ్లు మనుషుల కింద లెక్క కాదని కొత్త డైరెక్టరు అభిప్రాయం. టవరు మూసేయడానికి ఫైలు సిద్ధం చేశాడు.

టవరును ముప్పై ఏళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న ఇంజనీరు ఈ అనౌన్సరు మొగుడే. గట్టిగా మాట్లాడటం అలవాటు లేని ఆ మనిషి కిందటివారం మీటింగులో లేచి నిలబడ్డాడు.

"ఆపి చూద్దాం సార్. ఒక్క పది నిమిషాలు. ఉన్నారో లేరో వాళ్లే చెబుతారు."

డైరెక్టరు సరేనన్నాడు, కానీ షరతులన్నీ ఆయనవే. పదీ పావు నుంచి పదీ ఇరవై అయిదు దాకా టవరు ప్రసారం ఆగుతుంది. ఆ పది నిమిషాల్లో స్టేషనుకి యాభై ఫోన్లొస్తే టవరు ఉంటుంది, నలభై తొమ్మిదొస్తే పోతుంది. ఎత్తితే లైను బిజీ అవుతుంది కాబట్టి ఏ ఫోనూ ఎత్తకూడదు. ఎన్ని మోగాయో రిసెప్షనులోని యంత్రమే లెక్క చూపిస్తుంది. ఇంట్లోవాళ్లకి ముందే ఉప్పందించకూడదు. బావమరుదుల చేత ఫోన్లు చేయించుకోకుండా అందరి సెల్‌ఫోన్లూ సొరుగులో పెట్టి తాళం వేయించాడు. మొహమాటానికి తనదీ అందులోనే పడేశాడు.

పదీ పావుకి ఇంజనీరు కంట్రోలు రూములోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కార్యక్రమం జరుగుతుండగా ప్రసారం ఆపడం అతని సర్వీసులో అదే మొదటిసారి.

స్టూడియోలో అనౌన్సరు మాట్లాడుతూనే ఉంది. యాప్ నడుస్తూనే ఉంటుంది, ఆపొద్దన్నారు. కానీ పొయ్యి పక్కన ట్రాన్సిస్టరు మూగబోయి ఉంటుందన్న ఆలోచనే. కళ్లు కాగితం మీద నిలవడం లేదు. అద్దంలోంచి రిసెప్షను యంత్రం మీది ఎర్ర అంకెలు కనిపిస్తున్నాయి. మధ్యలో టైము కూడా చెప్పింది, ఏం చెప్పిందో ఆమెకే తెలియదు.

మూడు నిమిషాలకి నాలుగు. డైరెక్టరు మర్యాదగా నవ్వాడు.

నాలుగో నిమిషంలో ఫోను మోగడం మొదలుపెట్టి మరి ఆగలేదు. పన్నెండు. ఇరవై ఏడు. రిసెప్షనిస్టు ఎక్కడ అలవాటుకొద్దీ ఎత్తేస్తానోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. గేటు వదిలేసి వచ్చిన వాచ్‌మన్ అంకెలు పైకి చదువుతున్నాడు. నలభై ఎనిమిది దగ్గర ఒక్క క్షణం ఆగింది. నలభై తొమ్మిది. యాభై. వాచ్‌మన్ డైరెక్టరుగారి భుజం చరిచేశాడు. చరిచాక ఎవరి భుజమో చూసుకున్నాడు.

పదీ ఇరవై అయిదుకి నూట డెబ్బై మూడు.

కార్యక్రమం ముగించి అనౌన్సరు పరుగున వచ్చేసరికి డైరెక్టరు ఫైలు మీద ఏదో రాసి సంతకం పెడుతున్నాడు. టవరు కొనసాగుతుంది అని చదివి వినిపించి కలం మూశాడు.

"నేను పొరబడ్డాను," అన్నాడు. "ట్రాన్సిస్టర్లకి కాలం చెల్లిందనుకున్నాను. చెల్లలేదు."

చప్పట్లు మోగాయి. ఇంజనీరు గుమ్మం దగ్గరే నిలబడి కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు, ఎంతకీ పెట్టుకోడు. కళ్లు చెమర్చాయి కాబోలు, అందరి ముందూ ఎందుకని భార్య చూపు తిప్పుకుంది.

సొరుగులోంచి ఫోన్లు బయటికొచ్చాయి. అనౌన్సరుకి సంతోషం పట్టలేకపోతోంది. ఆ నూట డెబ్బై మూడులో మొదటి ఫోను మా అత్తయ్యదే అయ్యుంటుంది, మీరే వినండి సార్ అని ఇంటికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"అత్తయ్యా, ఇందాక స్టేషనుకి ఫోను చేశావు కదూ?"

"నేనెందుకు చేస్తానే, నాకు వేరే పనిలేదా?"

"అదేంటి, రేడియో ఆగిపోతే..."

"రేడియోకేం, శుభ్రంగా మోగింది. నీకే ఏదో అయింది. పదీ ఇరవై అయితే తొమ్మిదీ ఇరవై అని చెప్పావు. గడియారం చూసుకోవద్దూ?"

నవ్వబోయినవాళ్లు సగంలో ఆగిపోయారు. డైరెక్టరు గోడ గడియారం వంక చూశాడు. అనౌన్సరు మొగుడి వంక చూసింది.

ఇంజనీరు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"తప్పు నాది సార్," అన్నాడు. "నేను ఆపింది యాప్‌ని."