ఎక్కినవాడే చెప్పాలి

ఆపరేటరు తలుపుకి లోపల గడియ పెట్టి, స్విచ్ బోర్డుకి వీపు ఆనించి కూర్చున్నాడు. మెయిన్ ఆపి గంటైంది. ఫ్యాను తిరగడం లేదు. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఒళ్లో ఫోను. అది మోగితే గానీ ఆయన లేవడు.

ఎక్కేముందు లైన్‌మన్ ఒకటే మాట అన్నాడు. "అన్నా, లైన్ క్లియర్ తీసుకుంటున్నా. పనయ్యాక నేనే చెప్తా. అందాకా వెయ్యకు."

కరెంటు ఆపించి స్తంభం ఎక్కడాన్ని వాళ్లు అలాగే అంటారు. తీసుకున్నవాడే, తన నోటితోనే, క్లియర్ అని చెప్పి తిరిగి ఇవ్వాలి.

క్లియర్ అనే మాటంటే లోకానికి మరీ లోకువ. కూతురు పరీక్షలు క్లియర్ చేస్తుంది. పోలీసు రోడ్డు క్లియర్ చేస్తాడు. అమ్మ ఊపిరితిత్తులు క్లియర్‌గా ఉన్నాయని డాక్టరు పోయిన వారమే అన్నాడు, పక్కనే ఆ ముసలిప్రాణం దగ్గలేక చస్తుంటే! ఆపరేటరుకి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. మనిషి కిందికి దిగాడని.

తలుపు దబదబా మోగింది. భార్య.

"ఏమండీ, అత్తయ్యకి ఊపిరి అందట్లేదు. ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. మీకు దండం పెడతా, కరెంటు వెయ్యండి!"

ఆయన కన్నతల్లి. కళ్లు తుడుచుకున్నాడు.

"వాడింకా పైనే ఉన్నాడే. వేస్తే మాడిపోతాడు."

ఆమె ఫోన్ చేస్తే ఆయన ఆఫీసు ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు.

"నేను చెప్తున్నాను కదయ్యా, లైన్ క్లియర్! పూచీ నాది. వేసెయ్."

"మీరెక్కారా సార్ స్తంభం? ఎక్కినవాణ్ణి చెప్పమనండి."

ఇంజనీరు ఎవరినో గునపం తెమ్మన్నాడు. తలుపు మీద దెబ్బలు పడ్డాయి. ఆపరేటరు లేచి రెండు చేతులూ స్విచ్‌కి అడ్డం పెట్టాడు.

ఉన్నట్టుండి దెబ్బలు ఆగాయి. కూతురి గొంతు వినిపించింది.

"నాన్నా, ఇక కరెంటు అక్కర్లేదు. నాయనమ్మ పోయింది."

ఆపరేటరు వెక్కి వెక్కి ఏడ్చాడు. చేతులు మాత్రం తియ్యలేదు.

ఆ చేతుల కింద ఉన్నది సొంతింటి మెయిన్ స్విచ్. ఆరేళ్ల కిందట, ఇదే ఇంజనీరు క్లియర్ అన్న మాట పట్టుకుని ఆయన సబ్‌స్టేషన్‌లో కరెంటు వేసిన రోజే, ఆ లైన్‌మన్ స్తంభం మీద మాడిపోయాడు.