ఒంటిచేత్తో

"ఇదా నా జీవితం?" అంటూ జీవితచరిత్రల రచయిత ప్రూఫుల కట్టను బల్లమీద విసిరికొట్టాడు.

ముప్ఫై ఏళ్లుగా అతనితో కలిసి రాస్తూ, ఆ జీవితచరిత్రలన్నీ అచ్చువేసిన భాగస్వామి ఇప్పుడు అతని చరిత్రే రాశాడు.

"తప్పేముందిరా?"

"ఇరవై రెండు పుస్తకాలూ నేనొక్కణ్ణే ఒంటిచేత్తో రాసినట్టుంది. మధ్యలో నువ్వెక్కడ చచ్చావ్?"

"గొప్పవాడు ఒంటరిగానే పైకి రావాలన్నది నువ్వు పెట్టిన రూలేగా! మన పుస్తకాల్లో ఒకాయన్ని చదివించిన వదిన్నీ, ఇంకొకాయనకి ఉపన్యాసాలు రాసిపెట్టిన గుమాస్తానీ ఎర్ర పెన్నుతో కొట్టేశావు. అలాగే నన్నూ కొట్టేశా."

"అబ్బో, త్యాగమూర్తి బయల్దేరాడు! నీ గురించి ఒక పేజీయేగా? ఇప్పుడే రాసి పడేస్తాను, చూడు."

జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తెల్లకాగితం మీద భాగస్వామి పేరు దర్జాగా రాశాడు. దాని కింద, అలవాటు కొద్దీ, 'పుట్టిన ఊరు' అని రాశాడు.

ఎప్పుడో పోయినవాళ్ల పురిటిగదుల్ని సైతం తవ్వి తీసిన ఆ పెన్ను అక్కడే ఆగిపోయింది.

భాగస్వామి ప్రూఫులు సర్దుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:

"తెలీకపోతే కొట్టెయ్యి. అందులో చెయ్యి తిరిగినవాడివేగా!"