గ్రీసు మరక

"ఆదికాండం దేవుడు చెప్పిన మాట. నువ్వేమో గ్రీసు నుంచి వచ్చిందంటవ్. ఎంత ధైర్యం నీకు?"

సంఘ పెద్ద సారంగపాణి బల్ల గుద్దిండు. పాల్వంచ కాలనీ చివర ప్రార్థన మందిరం. జనమంతా చాపల మీద. పాస్టర్ జంపయ్య ఒక్కడే నిలబడి ఉన్నడు.

"వచ్చిందనలే సార్. ప్లేటో అని గ్రీసు తత్వవేత్త ఉండె. ఆయన చెప్పిన సృష్టి కథకు, మన ఆదికాండానికి పోలికలున్నయని కొందరు పండితులంటరు. నిజమో కాదో తేలలే. తేలినా నా విశ్వాసం ఇసుమంత కదలదని కూడా గా ప్రసంగంలనే చెప్పిన. గా ముక్క ఎవరికీ యాది లేదా?"

"పోలికలట! రేపు యేసు ప్రభువు కూడా గ్రీసోడే అంటవ్."

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. జంపయ్యకు నవ్వు రాలే. తనను పంపాలని చేతులు లేస్తే చాలు, మందిరం వెనక రేకుల గది ఖాళీ చేయాలె. పెండ్లాన్ని, చంటిదాన్ని తీసుకొని ఏడికి పోవాలె? ఆలోచించినోడి పొట్ట కొట్టుడు మనకు కొత్తనా!

"పంపాలన్నోళ్లు చేతులెత్తుండ్రి," అన్నడు సారంగపాణి, ముందు తనే ఎత్తి. సగానికి పైగా చేతులు లేచినయ్.

"ఏందయ్యా లొల్లి?"

నాంచారమ్మ. మందిరానికి జాగ ఇచ్చిన ముసలామె. చెవుడని కాలనీ అంతటికీ తెలుసు.

"బైబిల్‌ల గ్రీసు కలిసిందంటుండు అవ్వా!" సారంగపాణి అరిచిండు.

"గ్రీసు అంటిందా? గింతేనా? మా ఆయన మిషన్ల కాడ ఖలాసీ. సబ్బు అరిగేదాంక రుద్దినా వేళ్లకున్న గ్రీసు పోకపోయేది. గా వేళ్లతోనే పేజీలు తిప్పెటోడు. ఆదికాండం నిండ నల్ల మరకలే. ఆయన పోయిండు, మరకలున్నయ్. ఇయ్యాల్టికీ వాటి మీద చెయ్యి పెట్టే ప్రార్థన జేస్త. మరకంటితే వాక్యం చచ్చిపోయిందా అయ్యా?"

"గా గ్రీసు కాదవ్వా! దేశం, దేశం!"

"అవ్, ద్వేషమే! మరకంటిందని మనిషిని ఎల్లగొట్టుడు ద్వేషం గాక ఏంది?"

జనం గొల్లుమన్నరు. ముసలామె ఊకోలే. "గ్రీసంటని బైబిల్ ఎవనింట్ల ఉందో, వాడే చెయ్యెత్తాలె!"

నవ్వు ఆగిపోయింది. అక్కడున్నోళ్లు సగంమంది ఫ్యాక్టరీల షిఫ్టు పనోళ్లు, మిగిలినోళ్లు వాళ్ల పిల్లలు. ఒక చెయ్యి దిగింది. దాని పక్కది దిగింది. సారంగపాణి నాయన కూడా ఖలాసీనే. ఆయన చెయ్యి కొంచెంసేపు గాల్లోనే ఉండి, మెల్లగ జేబులకు పోయింది.

"సరే. ప్రార్థన జేసుకొని పోదాం," అన్నడు గొంతు సవరించుకుంటూ.

బయట జంపయ్య ముసలామె చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టిండు. కొలువు నిలబడ్డది గానీ మనసు నిలబడలే. పొరపాటు మీద బతకాల్నా? వంగి, ఆమె చెవిలో గట్టిగ అరిచిండు.

"అవ్వా, నువ్వు తప్పుగ విన్నవ్! నేనన్నది గ్రీసు దేశం..."

నాంచారమ్మ చటుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. సారంగపాణి ఇంకా గేటు దాటలే."