మిగిలిన ముఖం

సాయంత్రం ప్రదర్శన పెట్టుకుని పొద్దున హాలు తలుపు తీసేసరికి, గోడ మీది పెద్ద ఫోటోలో నలుగురు మనుషులకు ముఖాలు లేవు.

ఎవరో బ్లేడుతో కోసేశారు. మెడల పైన గుండ్రటి కన్నాలు. వాటిలోంచి వెనక గోడ సున్నం కనిపిస్తోంది. మిగతా ఫోటోల జోలికి ఎవరూ పోలేదు.

"నా ఫోటోనే!" అంది అమ్మాయి. నేల మీద కూర్చుని ఏడ్చేసింది.

యుద్ధం నుంచి పారిపోయి ఈ ఊరు చేరిన పిల్లల చేతికి కెమెరాలిచ్చి, మీ కథ మీరే చెప్పండంటూ ఫోటోగ్రఫీ టీచరు నడుపుతున్న క్లాసు అది. అమ్మాయి తన కథ కోసం, తల్లి దాచుకున్న పాత ఫోటోనే ఫోటో తీసింది. అగ్గిపెట్టెంత బొమ్మ. ప్రింటింగ్ ప్రెస్సులో మిషను ముందు భుజాల మీద చేతులేసుకున్న ఐదుగురు పనివాళ్లు. ముఖాలు ఆవగింజలంత. టీచరు దాన్ని తలుపంత చేయించింది. దాని కింద అమ్మాయి చెప్పిన మాటలు అంటించారు.

'మధ్యలో ఉన్నది మా నాన్న. సర్కారుకు గిట్టని కరపత్రాలు అచ్చేశారని ఈ ఐదుగుర్నీ ఒకే రాత్రి పట్టుకుపోయారట. ఒక్కరూ తిరిగి రాలేదు. నాన్న ముఖం నాకు ఈ ఫోటోలోనే తెలుసు.'

హోటల్లో దుప్పట్లు ఉతికే తల్లి, ఈ సాయంత్రం దాన్ని చూడ్డానికే మొదటిసారి సెలవు పెట్టింది.

"ఇంకెవరు? ఆ మోటారుసైకిల్ వెధవలే!" టీచరు మండిపడింది. "పోయినవారం 'మీ దేశం పొండి' అని తలుపు మీద రాసింది కూడా వాళ్లే."

ఆమెకు పిల్లల భాష రాదు. ఆమె మాట పిల్లలకూ, పిల్లల మాట ఆమెకూ అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయనే చేరవేయాలి. తలా గడ్డమూ నెరిసిన బాబాయ్ వాళ్ల దేశం మనిషే. తనది వేరే ఊరని చెప్పుకుంటాడు. ఆస్పత్రికి వెళ్లాలన్నా, ఆఫీసుల చుట్టూ తిరగాలన్నా పిల్లలకు ఆయన వెంట ఉండాల్సిందే. ఇప్పుడూ టీచరు మాటల్ని అంతే కోపంతో చేరవేశాడు.

"వాళ్లయితే కుర్చీలు విరగ్గొట్టి పోయేవాళ్లు," అన్నాడు క్లాసులో అందరూ పొడుగోడని పిలిచే కుర్రాడు. "ఇంత ఓపిగ్గా టైలరు పని చేస్తారా? తాళం కూడా పగల్లేదు."

"కిటికీ ఉందిగా," అన్నాడు బాబాయ్.

టీచరు అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవొద్దని చెప్పండి. ఫైలు నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. రెండు గంటల్లో కొత్త ప్రింటు తెస్తాను. వాళ్లమ్మ వచ్చేసరికి గోడ మీద ఉంటుంది."

బాబాయ్ అమ్మాయి తల నిమిరాడు. "మళ్లీ వేయించడం కుదరదంటున్నారమ్మా. ఫైలు పాడైపోయిందట. దీన్ని వదిలెయ్యి. అమ్మకు ఇంకో ఫోటో చూపిద్దాం."

పొడుగోడు నోరు తెరిచాడు. వాడు హోటల్లో గిన్నెలు తోముతూ ముందు ఈ ఊరి తిట్లూ, తర్వాత మిగతా భాషా నేర్చుకున్నాడు.

"అదేంటి బాబాయ్? ఆవిడ తెస్తానంటుంటే నువ్వు కుదరదంటావేంటి?"

"నీకేం తెలుసురా? నాలుగు తిట్లొస్తే భాష వచ్చినట్టేనా?"

"రెండు గంటల్లో తెస్తానంది. రెండు గంటలంటే నాకు తెలీదా? మా ఓనరు రోజూ ఇంకో రెండు గంటలు, ఇంకో రెండు గంటలు అంటూనే నా ప్రాణం తీస్తాడు!"

అమ్మాయి కళ్లు తుడుచుకుని బాబాయ్ వంక చూసింది. తర్వాత లేచి ఫోటో దగ్గరికి వెళ్లి, మధ్యలో మిగిలిన ముఖం మీద వేలు పెట్టింది.

"అందరివీ కోసి, మా నాన్నదెందుకు వదిలేశారు బాబాయ్?"

"హడావిడిలో మర్చిపోయుంటారు."

"మర్చిపోలేదు. ఇదిగో, చెవి పక్కన గీత మొదలుపెట్టి ఆపేశారు."

"ఏమంటోంది?" అంది టీచరు. "నాకు చెప్పండి."

బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు.

"సాయంత్రం ఈ ఫోటో పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ మా నాన్న కథ చెప్పాల్సింది నువ్వేగా," అంది అమ్మాయి. "చెప్పడం ఇష్టం లేదా?"

"కథ చెప్పగలనమ్మా. దాని పక్కన నిలబడలేను." ఆయన వేళ్లు ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటును తడిమాయి. "అగ్గిపెట్టె బొమ్మలో ఇది కనబడలేదు. అంత పెద్దది చేశాక నిన్న నేనే చూసి అదిరిపడ్డాను. ఆ కుడి చివరివాణ్ణి నేనే."

పొడుగోడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఒక్కరూ తిరిగి రాలేదంది అమ్మ," అంది అమ్మాయి.

"వాళ్లు నలుగురూ రాలేదు. నన్ను ఆ రాత్రే వదిలేశారు."

"నిన్నొక్కణ్ణే ఎందుకు వదిలేశారు?"

"అసలు ఏమైందో ఎవరైనా చెప్తారా?" టీచరు కేకేసింది. పొడుగోడు ఆగమన్నట్టు ఆమెకు చెయ్యి చూపించాడు.

బాబాయ్ తలెత్తలేదు.

"ఆ నలుగురి ఇళ్లూ చూపించింది నేనేనమ్మా. నా ముఖం ఒక్కటే కోస్తే దొరికిపోతానని అందరివీ కోశాను. మీ నాన్న దగ్గరికొచ్చేసరికి బ్లేడు ఆగిపోయింది. ఒకసారి చంపినవాణ్ణేగా, రెండోసారి చెయ్యి రాలేదు."