దూది మంద

గోడ మీద ముప్పై పేపర్ ప్లేట్లు, ప్రతి ప్లేటు మీదా ఒక దూది గొర్రె. వసంతం పేరిట ఎల్‌కేజీ పిల్లల చేతిపని అది. పేర్లన్నీ ప్లేట్ల వెనక రాసి, గోడకు గట్టిగా అంటించేశారు. మొదటి బహుమతి గొర్రె ఎవరిదో ఇప్పుడు టీచరుకే తెలియడం లేదు. అడిగితే పిల్లలంతా నాదంటే నాదంటున్నారు.

"జర జరుగుండ్రి," అంది మన్విత నాయనమ్మ గుర్వమ్మ. "గీ దినాలల్ల గొర్రెకు మేతనే దొరుకది. గీ వసంతం ఏ పుస్తకంలదో గని, కలిసిన గొర్లను ఏరుడు మా పని."

ఒక ప్లేటు మీద వేలు పెట్టింది. "గిది గా పెద్ద చెవుల పోరనిది, గొర్రెకు గూడ గవే చెవులు వెట్టిండు. గిదేమో ముక్కు తుడుసుకున్న దూది. గా ఏడుస్తున్న పిల్లది."

రెండూ నిజమే. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరు బహుమతి గొర్రెను చూపించింది.

గుర్వమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "గిది పోరగాండ్లు చేసింది గాదు, తల్లి చేసింది. దూది గింత నున్నగ ఏ పిల్ల అంటిస్తది? గామె గొర్రెను గూడ సక్కగ సూడలే. చెవులు పిల్లి లెక్క నిలవెట్టింది. గొర్ల దొడ్డి దిక్కు పోతె ముక్కు మూసుకునే రకం..."

మాట మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. మన్విత నేలచూపులు చూస్తోంది. కోడలు శైలజ గోళ్లకంటిన గమ్ము గీక్కుంటోంది.

"ఎవరిది పెద్దమ్మా?" అంది టీచరు.

"మా దొడ్డిదే," అంది గుర్వమ్మ. "బహుమతి ఇయ్యుండ్రి గని, మా కోడలును గూడ ఎల్‌కేజీల ఏసుకోండ్రి."